రాళ్ల ఏట్లో మా ఊరి ఆయ్

మా ముక్తేశ్వరం వైపు నేలలో రాయి దొరకదు. ఎంత తవ్వినా ఒండ్రు, ఇసక, ఆ తర్వాత నీళ్లు. ఇంటి పునాదికి రాయి కావాలన్నా, రోడ్డుకి కంకర కావాలన్నా గోదారి అవతల నుంచి లారీలో రావలసిందే. రేవులో నది కూడా వెడల్పుగా, తాపీగా, భోంచేసి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలా ఉంటుంది. జనాన్ని కోటిపల్లి దాటించే పంటు పక్కన, ఆ నీళ్లలోనే నేను మొదట కయాక్ అనే సన్నపాటి పడవెక్కి తెడ్డు పట్టుకున్నాను. అలాంటిదాన్ని తీసుకెళ్లి స్లొవేనియాలో, కొండ మీంచి రాళ్లని గుద్దుకుంటూ వచ్చే ఏట్లో దింపారు.

దింపారంటే ఎవరో బలవంతం చేసినట్టుంది గానీ, నేనే ఎగురుకుంటూ వెళ్లాను. వేసవిలో కొన్ని వారాల కయాక్ శిక్షణ క్యాంపు అది. నీళ్లు రెండు బండల మధ్య నుంచి ఒక్కసారిగా కిందికి పడే చోటొకటి ఉంది. దాని పేరు నోరు తిరగక మన దేశం నుంచి వెళ్లినవాళ్లం దాన్ని పెద్ద దూకు అనుకునేవాళ్లం. చివరి రోజు కోచ్ ముందు ఆ దూకు దాటి చూపిస్తే సీజనంతా అక్కడే ఉండి ఆవిడ దగ్గర నేర్చుకోవచ్చు. దాటకపోతే పెట్టె సర్దుకోవడమే. నాకు ఉండిపోవాలని ఎంత ఆశో చెప్పలేను.

కోచ్ అరవై దాటిన మనిషి. జుట్టు ముగ్గుబుట్ట, గొంతు మాత్రం అచ్చం మా హైస్కూలు డ్రిల్లు మాస్టారిది. మొదటి రోజే అసలు సంగతి చెప్పేసింది. రాయి ఎదురొస్తే దాని వైపే వాలాలి. భయపడి అవతలికి వాలితే వెనకొచ్చే నీళ్లు పడవ అంచెక్కి బోర్లా కొట్టేస్తాయి. "రాయిని కావలించుకో. అర్థమైందా?" అంది.

"ఆయ్" అన్నాను.

అర్థం కాలేదు. కానీ మా వైపు పెద్దవాళ్లు ఏదైనా చెబితే ముందు ఆయ్ వచ్చేస్తుంది, అర్థం తర్వాత తీరిగ్గా వస్తుంది, రాకపోయినా కొంప మునగదు. నాకు తెలీదండీ అని మొహం మీద అనడమంటే వడ్డించిన విస్తరి తోసేసినట్టే. గోదారి మీదైతే కొంప మునగదు గానీ, ఆ ఏట్లో రోజూ పడవ మునిగేది. రాయి కనబడగానే ఒళ్లు దానంతటదే అవతలికి పోయేది. నీళ్లు మింగి, ముక్కులోంచి కక్కి, గట్టెక్కేదాన్ని. "బాగానే ఉన్నావా?" ఆయ్. "రేపు ఇంకాస్త పైనుంచి దిగుదామా?" ఆయ్. ఆవిడకి ఆ మాట అలవాటైపోయి, పొద్దున్నే నన్ను చూసి తనే "ఆయ్!" అని పలకరించేది.

ఇక్కడ మా ఊళ్లో, ఇంట్లో అమ్మొక్కతే, నాన్న కువైట్‌లో డ్రైవరు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "భయమేస్తందా?" అని అడిగేది. "అబ్బే" అనేదాన్ని. చర్చిలో నా కోసం ప్రార్థన చేయించింది, అక్కడితో ఆగకుండా మా ఇంటి దగ్గర కృతజ్ఞత కూటం ఉంటుందని ప్రకటన కూడా చేయించేసింది.

"ఇంకా సెలెక్టవ్వలేదే అమ్మా!"

"అవుతావులే. ఇంతమందిమి అడిగితే ఆయన మాత్రం కాదంటాడేటి?"

దేవుడు కూడా గోదావరి జిల్లా వాడే అని మా అమ్మ ధీమా.

చివరి రోజు నా వంతు వచ్చింది. దూకుకి పైన నీళ్లు నిలకడగా ఉన్నచోట పడవ ఆపాను. గట్టు మీంచి కోచ్ "సిద్ధమా?" అని అరిచింది. నోట్లో ఆయ్ తయారుగా ఉంది. కింద ఆ బండ కనబడుతోంది. అన్ని వారాల్లో ఒక్కసారి కూడా నేను రాయి వైపు వాలలేదు. దాని మీద పడి తల పగిలితే అమ్మ ఆ కూటంలో ఏం చెబుతుంది అనిపించింది.

"నాకు రాదండీ" అన్నాను. మిగతాదంతా ఇంగ్లీషులో చెప్పాను గానీ ఆ అండీ మాత్రం తెలుగులోనే వచ్చింది. "మొదటి రోజు నుంచీ రాదు. అర్థం కాకపోయినా అయిందన్నాను."

తిడుతుందనుకున్నాను. ఆవిడ విజిల్ జేబులో పెట్టుకుని, బూట్లు కూడా విప్పకుండా నడుము లోతు నీళ్లలోకి దిగింది. ఐసులాంటి నీళ్లవి. నా పడవని గట్టు వార ఒక చిన్న రాయి దగ్గరికి లాగి, నా భుజం పట్టుకుని దాని మీదికి వంచింది. నా అరచేయి తీసి రాయికి ఆనించింది. గరుగ్గా, చల్లగా ఉంది. వెనక నుంచి నీళ్లు వచ్చి కొట్టాయి, పడవ కిందుగా పోయాయి. నేను బోర్లా పడలేదు. మళ్లీ చేయించింది, మళ్లీ. ఈలోగా నా వంతు దాటిపోయింది. మిగతావాళ్లు దూకు దాటేశారు.

"నియమం నియమమే, ఈ సీజన్‌కి ఇంటికెళ్లు" అంది చివరికి. "వచ్చే వసంతంలో నా దగ్గరికి రా. ఇన్నాళ్లూ ఎవరికి నేర్పుతున్నానో నాకే తెలియలేదు. ఇవాళ తెలిసింది."

సాయంత్రం దాకా ఆ తడి బూట్లతోనే తిరిగిందావిడ.

నేను సెలెక్టవ్వకుండా ఇంటికొచ్చినా కూటం మాత్రం ఆగలేదు. "ప్రకటన చేసేం గదా, కూరకి కోళ్లు కూడా చెప్పేసేం" అంది అమ్మ. షామియానా కింద పాస్టర్ గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డానో లేదో, ముందు వరసలోంచి ఒక అత్తగారు "సెలెక్టయిపోయేవా అమ్మా?" అని అడిగేశారు. అందరూ స్తోత్రం అనడానికి సిద్ధంగా ఉన్నారు.

"లేదండీ" అన్నాను. అప్పుడు ఆ రాయి గురించి, ఆ బూట్ల గురించి చెప్పాను. అందుకే నాకు కృతజ్ఞత అన్నాను. ఆ అత్తగారే ముందు "ఆయ్, అదీ ఆయన దయే" అన్నారు. తర్వాత అందరూ కోడికూరతో తృప్తిగా భోంచేశారు.

ఇప్పుడు మళ్లీ కోచ్ దగ్గరికి ప్రయాణం. నిన్న మధ్యాహ్నం అమ్మ నా బట్టలు మడత పెడుతూ, తల ఎత్తకుండానే ఎప్పటి ప్రశ్నే వేసింది.

"భయమేస్తందా?"

"వేస్తందమ్మా. ఆ దూకంటే చాలా భయం."

చేతిలో తువ్వాలు ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది.

"అమ్మయ్య" అంది. "నువ్వు లేదన్నన్నాళ్లూ నాకు కంటి మీద కునుకు లేదు. ఇప్పుడు పడుకుంటాను. వెళ్లిరా."