పెళ్ళి సీను దుద్దులు

మా అమ్మ పోయాక ఫోన్లు మొదలయ్యాయి. జూబ్లీహిల్స్‌లో ఎవరో ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నారట. వాళ్ళ పూజగది తలుపుకి అమ్మ చేసిన రంగుగాజుల నెమలి ఉందట. పారేయడానికి మనసొప్పడం లేదు, పట్టుకెళ్తారా అని. మొహమాటానికి ఒకటి తెచ్చుకున్నాను. అది హాల్లో సగం గోడ ఆక్రమించింది. దాన్ని తప్పించుకుంటూ ఇంటిల్లిపాదీ పక్కకి తిరిగి నడుస్తున్నాం. మీ అమ్మగారు మీకేం వదిలి వెళ్ళారండీ అని ఎవరైనా అడిగితే నేను చూపించగలిగింది ఆ నెమలీ, ఓ జత దుద్దులూ. గొడవంతా ఆ దుద్దులతోనే వచ్చింది.

అమ్మ పెద్ద పెద్ద ఇళ్ళకి గాజు తలుపులు చేసేది, సినిమాలకి గాజురాళ్ళ నగలు చేసేది. ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి డాబా మీది రేకుల షెడ్డే ఆవిడ కార్ఖానా. సినిమాకి ఏ నగ చేసినా రెండు చేయాలి. హీరోయిన్ క్లోజప్పుల్లో పెట్టుకోవడానికి ఒకటి, గుర్రం మీంచి పడే డూప్ పెట్టుకోవడానికి ఒకటి. రాయి అసలుదో గాజుదో చూడ్డానికి ఆవిడకి భూతద్దం అక్కర్లేదు. పై పెదవికి ఆనించేది. గాజు ఇట్టే వెచ్చబడిపోతుంది, అసలు రాయికి చల్లదనం అంత తొందరగా పోదు. చిన్నప్పుడు నేనూ అక్కా రోడ్డు మీది గులకరాళ్ళు కూడా పెదవికి ఆనించుకుని తీర్పులు చెప్పేవాళ్ళం.

ఒక పౌరాణికానికి నగలు చేస్తూ అమ్మ మా అమ్మమ్మ కెంపుల దుద్దుల్ని నమూనాగా పట్టుకెళ్ళింది. అమ్మమ్మ గుంటూరు వైపు మిషన్ ఆసుపత్రిలో నర్సు. బంగారం కొనే తాహతు లేక వెండిలో పొదిగించి పూత పెట్టించుకుంది గానీ, కెంపులు మాత్రం అసలువి. అమ్మ కూడా వెండిలోనే చేసింది. రాయి అబద్ధమైనా చెవి పుండు పడకూడదని ఆవిడ పట్టుదల. పక్కపక్కన పెడితే ఏవి ఏవో ఎవరూ చెప్పలేరు. షూటింగ్ నుంచి ఇంటికి రెండు జతలొచ్చాయి. ఒకటి అమ్మమ్మది, ఒకటి అమ్మ చేసింది అనుకున్నాం. పోయేముందు అమ్మ మాకు చెరో జతా ఇచ్చింది. "పెద్దదానికి అమ్మమ్మవి, చిన్నదానికి నావి" అంది. నేనేం నొచ్చుకోలేదు. నాక్కావలసిందీ అమ్మ చేతివే.

ఇంతలో అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. చర్చిలో పిల్ల చెవులకి అమ్మమ్మ కెంపులే ఉండాలని అక్క పంతం. కొత్త మర బిగించమని ఇస్తే కంసాలి, "ఇవి గాజువండీ" అన్నాడట. వెంటనే నాకు ఫోను. "ఏమే, నీ దగ్గరున్నవి పట్టుకుని రా." ఆ గొంతు వినగానే ఒళ్ళు మండిపోయింది. ఆటో ఎక్కి వెళ్ళాను. కంసాలి చూసి, నావీ గాజేనన్నాడు.

"మరి అసలువేవి? చివరిదాకా అమ్మ దగ్గరుంది నువ్వేగా?" అంది అక్క, ఆ కంసాలి ముందే.

నన్నా అంటున్నది? ఇంటికొచ్చి నెమలి పక్కన కూర్చుని ఏడ్చాను. ఏడుస్తుంటే తట్టింది. అమ్మ ఏది చేసినా రెండు చేసేది కదా! అంటే అమ్మమ్మవి ఒక జత, అమ్మ చేసినవి రెండు జతలు. ఇంటికొచ్చిన రెండూ గాజే అయితే, అసలువి షూటింగ్ సామానుతో పోయినట్టే. ఆ సామాను చివరికి చేరేది కృష్ణానగర్‌లోని కిరాయి నగల కొట్లకి.

మరి అమ్మకి తెలీదా? ప్రతి ఆదివారం చర్చికి ఆ దుద్దులే పెట్టుకునేది. పెదవికి ఆనిస్తే తెలిసిపోయేదే. ఆనించలేదా? ఆనించి ఊరుకుందా? దేవుడా, ఊరుకుంటే ఎందుకు ఊరుకుంది? అక్కకి ఫోన్ చేసి, నన్ను తిట్టడానికైనా సరే కృష్ణానగర్ రమ్మన్నాను.

కొట్టాయన మా మాట విని బుట్టెడు దుద్దులు తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు. అన్నీ ఎర్రరాళ్ళవే. అన్నీ అమ్మమ్మ దుద్దులే!

"గీ మోడల్ ఎవరు తీసిండ్రో ఏమో మేడం, మా నాయిన ఉన్నప్పటి సంది నడుస్తున్నది. పెళ్ళి సీనంటే అందరు గివే అడుగుతరు. అమ్మం గానీ, కిరాయికైతే ఇస్తం."

అక్కా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. తర్వాత ఎవరు ముందు మొదలుపెట్టామో గుర్తులేదు, ఒక్కో జతా తీసి పెదవికి ఆనించుకోవడం మొదలుపెట్టాం. ఆయన హడలిపోయాడు. "అయ్యో, నోట్ల పెట్టుకోకుర్రి మేడం! గవి మేకప్ మొఖాలన్నీ తిరిగొచ్చినయి!" అక్క ఫక్కున నవ్వింది. కంసాలి కొట్టు తర్వాత అక్క నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి నా భుజం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే నా పెదవి మీద ఒక జత చల్లగానే ఉండిపోయింది.

ఇంకోసారి ఆనించేలోగా, పట్టుచీరా సగం మేకప్పూ వేసుకున్న ఒకమ్మాయి లోపలికి పరిగెత్తుకొచ్చింది. "ఆంటీ, అవి ఇటివ్వండి, షూటింగ్ బస్సు వెళ్ళిపోతోంది."

"గవి గా పిల్ల సెట్టువే మేడం, ఇచ్చెయ్యుర్రి" అన్నాడు కొట్టాయన.

అక్క చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. నేను ఇచ్చేశాను. ఎందుకిచ్చానో ఈనాటికీ నాకు తెలీదు. ఆ పిల్ల వాటిని చెవులకి పెట్టుకుంటూనే బస్సెక్కేసింది. కొట్లో ఏసీ ఉంది, దానికే చల్లగా తగిలాయేమో.

చివరికి అక్క ఒక జత ఏరి నా పెదవికి ఆనించింది. "ఇవే కదే?"

వెచ్చగా ఉన్నాయి. "ఇవే అక్కా" అన్నాను. కిరాయికి తీసుకుంది.

పెళ్ళిరోజు చర్చిలో పెళ్ళికూతురి చెవుల వంక చూసి ఆగిపోయాను. అవి కిరాయివి కావు. అమ్మ చేసినవి, కంసాలి గాజన్నవి; అతను బిగించిన కొత్త మర వెనక మెరుస్తోంది. "కొట్లోవి ఏం చేశావక్కా?" అని అక్క చెవిలో అడిగాను.

"ఇచ్చేశాను. అవీ గాజేగా. గాజే పెట్టాలంటే అమ్మ చేసింది ఉండగా అవెందుకు?"

"నీకెప్పుడు తెలిసింది?"

"నీ మూతికి ఆనించినప్పుడే. నీ మొహం నాకు తెలీదూ? నాకోసం అబద్ధమాడావని ఊరుకున్నాను" అని నా చెయ్యి నొక్కింది. నాకు ఏడుపొచ్చింది. బస్సెక్కిన అమ్మాయి సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. అక్క మొహం ఎంత తేలిగ్గా ఉందో. మూసేశాను. అమ్మ కూడా ఇలాగే నోరు మూసుకుందేమో. ఏమో, నాకేం తెలుసు.