ఏడు మార్కులకు కొన్న కప్పలు

భిలాయిలో కర్మాగారం కడుతున్న రోజుల్లో నేను రెండో తరగతి టీచరుని. వానలొస్తే ఏమవుతుందో ఊహించి పలకల మీద రాయమన్నాను. అందరూ కప్పలు అరుస్తాయని రాశారు. పునాదులు తవ్వే కూలీ కూతురు పైడితల్లి మాత్రం, "నాన్నకి పనుండదు. మేం ఎల్లిపోతాం" అని రాసింది.

"ఏటే ఇది? మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరుగారొస్తారు. కప్పలని రాయి, ఐదు మార్కులేస్తాను."

"పదేస్తారా, బహెన్‌జీ?"

"ఏడు. మరి మాట్లాడకు!"

మా నాన్న కిరాణా కొట్లో పెరిగిన బుద్ధి కదా నాది, పసిదానితోనూ బేరమే. పిల్ల ఉమ్మితో పలక తుడిచి కప్పలని రాసింది. ఇన్‌స్పెక్టరుగారు మెచ్చుకుంటే మురిసిపోయాను.

మొదటి వానకే తవ్వకాలు ఆగిపోయాయి. పైడితల్లి మళ్లీ బడికి రాలేదు. కప్పల అరుపు విన్నప్పుడల్లా నా మీద నాకే రోత పుడుతుంది. మార్కుల దగ్గర అంత గీచి గీచి బేరమాడినదాన్ని, "ఎక్కడికెళ్తారే?" అని ఒక్క మాట అడగలేదు.