ఏప్రిల్లో మామిడికాయ

రెడ్డిగూడెంలో ఆరాలు తీయాలంటే నాగమణి తర్వాతే ఎవరైనా. షెడ్డులో మామిడికాయలు ఏరుతూనే లారీ డ్రైవర్‌ని నిలదీసేది. "ఈ కాయలు ఎక్కడికెళ్తాయండీ? అక్కడ పప్పులో వేసుకుంటారా?" కూలికొచ్చినదానికి ఆ గొడవెందుకని మేస్త్రీ విసుక్కునేవాడు. అడిగితే పోయేదేముంది?

పదో తరగతితో ఆగిన చదువుని ముప్పై ఆరేళ్లకి మళ్లీ పట్టుకుంది. కూతురు దివ్య పుస్తకాలు ముందేసుకుంటే ఇంగ్లిషు మూడు చెరువుల నీళ్లు తాగించింది. ఆ కష్టమే హరిచందనకి నచ్చింది. హరిచందన నాగమణి పనిచేసే మామిడితోట గలవాళ్ల అమ్మాయి. ఆఫ్రికాలో మలావీ అనే దేశంలోని పల్లెబడుల పిల్లలకి వీడియో కాల్‌లో ఇంగ్లిషు మాట్లాడటం నేర్పే చిన్న సంస్థ పెట్టింది. పడుతూ లేస్తూ నేర్చుకున్నవాళ్ల ముందు పిల్లలు తప్పులకి జంకరని ఆమె నమ్మకం. అందుకే నాగమణినీ టీచరుగా పెట్టుకుంది.

నాగమణికి అప్పజెప్పిన పిల్ల పేరు చికోండి. పదకొండేళ్లుంటాయి. మూడు వారాలుగా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటోంది.

"ఇవాళ కూడా మాట్లాడకపోతే వేరే టీచర్‌కి ఇచ్చేద్దాం నాగమణి గారూ. మీ తప్పని కాదులెండి," అంది హరిచందన.

"ఈ ఒక్కరోజు చూడండి అమ్మాయిగారూ."

నాగమణికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ పిల్ల మనసులో ఏముందో ఇక ఎప్పటికీ తెలియదు కదా!

సీజను పని ముమ్మరంగా ఉంది. ఇంటికెళ్లే తీరిక లేక షెడ్డులోనే కాయల ట్రేకి ఫోన్ ఆనించి క్లాసు మొదలుపెట్టింది. రాసుకొచ్చిన ప్రశ్నలన్నీ అయిపోయాయి. అవతల ఉలుకూ పలుకూ లేదు. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదేమో, ఆకలికి ఆగలేక ఓ పచ్చికాయ కోసి ఉప్పూకారం అద్ది కొరికింది.

చికోండి ముఖం ఫోన్ నిండా వచ్చేసింది.

"నో!"

నాగమణి నమలడం ఆపేసింది.

"నాట్ మ్యాంగో! మ్యాంగో ఈజ్ క్రిస్మస్!"

వాళ్ల ఊళ్లో మామిడి క్రిస్మస్ రోజుల్లో వస్తుందట. ఏప్రిల్లో కాయంటే ఆ పిల్లకి పచ్చి అబద్ధం. నాగమణి ఫోనెత్తి కాయల గుట్ట చూపించింది, లారీ చూపించింది, బయటికి పరిగెత్తి కాయలతో వంగిన కొమ్మ చూపించింది. పిల్ల నమ్మితేనా! ఎవరు తింటారు, ఎక్కడికెళ్తాయి, ఆ ఎర్రపొడి ఏమిటి? వచ్చీరాని ఇంగ్లిషులో ప్రశ్న మీద ప్రశ్న. తనని మించి ఆరాలు తీసే పిల్ల దొరికినందుకు నాగమణి పొంగిపోయింది.

సాయంత్రం హరిచందన ఫోన్ చేసింది. "మాట్లాడిందాండీ?"

"మాట్లాడిందా అంటారేంటండీ! నన్ను పట్టుకుని అబద్ధాలకోరంది," అంది నాగమణి సంబరంగా. "నమ్మకం కుదరలేదంట. రేపు కాయ కోసి టెంక చూపించమంది."