గేటు మీది నీళ్లు

నేను అయిదో తరగతితోనే బడి మానేశాను. బడికి నష్టమేమీ జరగలేదు. నేను పోయిన తర్వాత మా పంతులు కాస్త ఒళ్లు చేశాడని కూడా చెప్పుకున్నారు.

కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దునున్న పావగడ తాలూకాలో మా వాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రెండు లిపులూ కవల పిల్లల్లా ఉంటాయి. సగం చదివినవాడు ఒకదాన్ని చూసి ఇంకొకదాని పేరు పెట్టి పిలుస్తాడు.

మా ఊరి చేలలో సోలార్ ప్యానెళ్లు పరిచిన కొత్తలో, ఒక కంపెనీ గేటు మీద పెద్ద బోర్డు వెలిసింది. భూమి ఉన్నవాళ్లకు కౌలు వస్తోంది. ఇతరుల చేలలో వేరుశనగ పీకి బతికిన మా మేనత్తకు ఉన్న పని పోయింది. ఆ ఎండాకాలం ఊరి బోరు కూడా ఎండింది. కంచె లోపల మాత్రం రోజూ ట్యాంకర్లతో ప్యానెళ్లు కడుగుతున్నారు.

“ఏమప్పా అల్లుడా, ఆ బోర్డు మీద ఏం రాసుండారు?” అని అడిగింది అత్త.

“నీళ్లు అని రాసుండారత్తా.”

“మనకిస్తారంటావా?”

“ఇయ్యకపోతే ఎందుకు రాస్తారు?”

అక్కడ రాసింది ‘నిల్లు’. కన్నడంలో ఆగమని. దీర్ఘం లేని చోట నా దాహం దీర్ఘం పెట్టింది.

అత్త నన్నూ ఇంకో నలుగురు ఆడవాళ్లనూ వెంటేసుకుని బిందెలతో గేటు దగ్గర నిలబడింది. కాపలావాడు జాలిపడి ఆమె బిందె ఒక్కటి నింపాడు. ఇంతలో బెంగళూరు నుంచి వచ్చిన సూపర్‌వైజరు చూశాడు. సంగతి విని పగలబడి నవ్వాడు. బోర్డు మళ్లీ చదవమని నన్ను నిలబెట్టి ఫోన్లో వీడియో తీసుకున్నాడు. తర్వాత నిండిన బిందెను అత్త చేతులతోనే ప్యానెల్ మీద పోయించాడు. “ఈ నీళ్లు నీవి కాదు, దీనివి,” అన్నాడు. వాళ్ల ఊళ్లో దీపాలు వెలగాలంటే మా ఊళ్లో అద్దం దాహం ముందు తీరాలి.

అత్త ఖాళీ బిందెను చంకన పెట్టుకుని ఇంటిదాకా నడిచింది. నేను ఆ నడకను మరిచిపోలేదు.

వారం తిరక్కుండా అతని కిందే ప్యానెళ్లు కడిగే పనిలో చేరాను. పగ తీర్చుకోవడానికి కూలికి పోయినవాడు తాలూకాలో నేనొక్కడినే అయుంటాను. ఆరు నెలలు వంగి నమస్కారం పెట్టాను. ఏ పైపు ఎటు పోతుందో, ఏ వాల్వు దేన్ని ఆపుతుందో నేర్చుకున్నాను.

ఒక పొద్దున అతను ఆఫీసు వెనక స్నానాలగదిలోకి పోయాడు. తలకు సబ్బు పట్టించేదాకా బయట నిలబడి, ఆ తర్వాత వాల్వు కట్టేశాను. కాసేపటికి తువ్వాలు చుట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, గోడ తడుముకుంటూ బయటికొచ్చాడు. “నీరు, నీరు,” అని కన్నడంలో అరుస్తున్నాడు.

“నిల్లు సార్,” అన్నాను.

పనివాళ్లందరూ నవ్వారు. నురగ ఎండి అతని చెవుల మీద పొలుసులు కట్టేదాకా నిలబెట్టాను. కళ్లు మండి ఏడ్చాడు. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు జాలి రావడం లేదు.

మధ్యాహ్నానికే నన్ను పనిలోంచి తీసేశారు. ఊరేగింపులో వచ్చినవాడిలా అత్త దగ్గరికి పోయాను. పంచాయతీ ట్యాంకరు కోసం బిందెల వరసలో కూర్చుని ఉంది. జరిగిందంతా సూపర్‌వైజరు గొంతుతో, అతని తడుములాటతో సహా ఆడి చూపించాను. వరసంతా నవ్వింది. అత్త నవ్వలేదు.

“ఆ వాల్వు యాడుండాదో నీకు తెలిసిండెనా?”

“ఆరు నెల్ల నుంచి తెలుసత్తా.”

“కట్టేసేది నేర్చినోడివి, ఒక్క పూటన్నా మన పక్కకి తిప్పేది తెలీకపాయెనా అల్లుడా?”