తొమ్మిదో రాయి

ఆరేళ్లుగా ఒక రాయి మోస్తున్నాను. రూపాయి బిళ్లంత ఉంటుంది, తెల్లనిది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఇతరుల తప్పులు వెతికి, వరస నంబర్లు వేసి, జాబితా రాయడం నా ఉద్యోగం. ఈ తప్పు మాత్రం ఏ జాబితాలోనూ రాయలేదు.

ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా తెలుగు చర్చికి ప్రభాకర్ అంకుల్ వస్తారు. ఓడల ఇంజనీరుగా ఇరవై ఏళ్లు జపాన్‌లో ఉన్నారు. అక్కడే గో ఆట నేర్చుకుని అందులో ఆరితేరారు. ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల హాల్లో బిర్యానీ ట్రేలు తీసేసి, ఆ బల్ల మీదే మాకు నేర్పేవారు. నల్లరాళ్లు ఒకరివి, తెల్లరాళ్లు ఒకరివి. రాళ్లతో బోర్డు మీద ఎవరెక్కువ స్థలం చుట్టేస్తే వాళ్లది గెలుపు. నలుపు ముందు మొదలుపెడుతుంది కాబట్టి తెలుపుకి ఆరున్నర పాయింట్లు అదనం. ఆ అర వల్ల ఎవరో ఒకరు ఓడక తప్పదు.

అంకుల్‌కి ఒక అలవాటుండేది. లెక్కపెట్టకముందే ఫలితం చెప్పేసేవారు. ఎప్పుడూ తప్పలేదు.

"అంకుల్, మీకు ఎక్సెల్ అక్కర్లేదు" అని ఆటపట్టించేవాళ్లం.

"ఎక్సెల్‌కే నేను కావాలి రా" అనేవారు.

అది సరదా కాదని నాకు తెలుసు. ఆయన అన్నయ్య చివరి రోజుల్లో సొంత పిల్లల పేర్లు మరిచిపోయారట. తనకూ అదే వస్తుందేమోనని భయం. వారం వారం ఆ బోర్డు మీద ఆయన పరీక్షించుకుంటున్నది తన బుర్రనే. ఒకసారి కారులో నాతో చెప్పారు. ఇంకెవరికీ చెప్పొద్దన్నారు.

మూడేళ్ల పాటు నాకు ముందుగా నాలుగైదు రాళ్లు పెట్టుకోనిచ్చి ఆడారు. ఆ ఆదివారం మొదటిసారి సమానంగా ఆడాం. నాది నలుపు. ఆట మధ్యలో ఆయన రాయి తీసుకుంటుండగా, గిన్నెలోంచి ఇంకో తెల్లరాయి జారి, నా గిన్నె మూత పక్కన పడింది. చుట్టుముట్టి పట్టుకున్న ఎదుటివారి రాళ్లను ఆ మూతలోనే ఉంచుతాం. ఆయన చూడలేదు. నేను చూశాను. ఎత్తు వేశాక తిరిగి ఇద్దామనుకున్నాను. మరిచిపోయాను.

ఈ ఆటలో ఒక మర్యాద ఉంది. చివర్లో, పట్టుకున్న రాళ్లను మన చేత్తోనే ఎదుటివారి స్థలంలో నింపుతాం. ఒక్కో రాయికి వాళ్లకు ఒక్కో పాయింటు పోతుంది. ఎవరూ ఎవరి చేతినీ తనిఖీ చేయరు. నా మూతలోవి, పక్కనున్నదీ కలిపి తీసి నింపాను. నింపాక గుర్తొచ్చింది. నేను ప్రతి ఎత్తూ నోట్‌బుక్‌లో రాసుకుంటాను. అందులో పట్టుకున్న రాళ్లు ఎనిమిది. నేను నింపినవి తొమ్మిది.

మరిచిపోవడం నిజమేనా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా నిజమేననే జవాబు వస్తోంది. కానీ గుర్తొచ్చింది లెక్క మొదలవ్వకముందే. మరి అప్పుడు చెయ్యి ఎందుకు కదల్లేదు?

"నాదే రా. అర పాయింట్. ప్చ్, కొంచెంలో మిస్సయ్యావు" అన్నారు అంకుల్.

లెక్కపెట్టాం. నలుపు, అర పాయింటు.

ఆయన మళ్లీ లెక్కపెట్టారు. పెదవులు కదులుతున్నాయి. వేలు ఒక్కో గడి మీద ఆగుతోంది.

"నువ్వే రా గెలిచింది."

"అంకుల్, ఒక్కసారి..."

"ఏంటి?"

"ఏం లేదంకుల్."

"నా బుర్ర తప్పింది. అన్నయ్యకీ ఇలాగే స్టార్ట్ అయింది."

"ఒక్క పాయింటే కదా అంకుల్."

"ఒక్క పాయింటే. బోర్డ్ అబద్ధం చెప్పదు కదా రా."

వెనకాల ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టారు. అందులో నేను నవ్వుతున్నాను.

మరుసటి ఆదివారం బోర్డు, రాళ్లు నా చేతిలో పెట్టి, "నేనింక ఆడను, నీ దగ్గరుంచు" అన్నారు. కారు తాళాలు వాళ్లావిడ సుగుణ ఆంటీకి ఇచ్చేశారు. ఆంటీకి హైవే అంటే భయం. అప్పటినుంచి వాళ్లను చర్చికి నేనే తీసుకెళ్తున్నాను. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నారు. అంకుల్ నమ్మలేదు. "ఆయనకేం తెలుసు, బోర్డ్ చెప్పిందిగా" అన్నారు, నా పక్క సీట్లో కూర్చుని.

ఎందుకు చెప్పలేదు? మొదటి వారం, ఆ గెలుపు వదులుకోలేక. తర్వాత సిగ్గు. ఆ తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారన్న భయం. నా ఉద్యోగంలో ఎవరైనా ఇలాంటి కారణాలు రాసిస్తే వెనక్కి పంపేస్తాను. నావి నేను ఆరేళ్లుగా ఆమోదిస్తూ వచ్చాను. అలసిపోయాను.

ఆ నోట్‌బుక్‌లో ఆ ఆట పేజీ చివర ఒక గీత ఉంది. ఫలితం రాయాల్సిన చోటు. అబద్ధం రాయలేక, నిజం రాయలేక ఖాళీగా వదిలేశాను. ఇవాళ దాన్ని తీసి రాశాను.

పట్టుకున్న రాళ్లు ఎనిమిది. తెలుపు, అర పాయింటు.

ఆయన లెక్క సరైనదే. ముందు మీకు చెప్పాను. ఆయనకింకా చెప్పలేదు. దీనివల్ల ఆయన పోగొట్టుకున్న ఆదివారాలు తిరిగి రావు. నాకు క్షమాపణా దొరకదు. అయినా ఆ గీత మీద ఇక ఖాళీ లేదు. చాలాకాలం తర్వాత ఊపిరి కడుపు దాకా వెళ్లింది.

రేపు ఆదివారం. పదింటికి వాళ్లను ఎక్కించుకోవాలి. నోట్‌బుక్‌ను కారులో, ఆయన కూర్చునే సీటు మీద పెట్టి వచ్చాను.