దానం గారు కళ్ళు మూసుకోరు

"నా చందువా చేప ముక్క మీరే తిన్నారు."

"తినే ఉంటానండీ పాపాయమ్మ గారూ. నాకు గుర్తుండదు కదా."

"భోజనం ముందు ప్రార్థన చెప్పడానికి నేను కళ్ళు మూసుకునేప్పటికి కంచంలో ఉంది. ఆమెన్ అనేప్పటికి లేదు. పక్కన కూర్చున్నది మీరే."

"అయితే నేనేనండి. ముక్క బాగుందాండీ?"

"తిన్నది మీరయితే నన్నడుగుతారేంటండీ బంగారయ్య గారూ?"

అమలాపురం శివార్లలో పెద్దవాళ్ళని ఫీజు తీసుకుని చూసుకునే హోమ్ అది. నేను డిగ్రీ మధ్యలో మానేసి అక్కడికి వాటర్ టిన్నులు వేస్తున్నాను. ఖాళీ టిన్నులు పట్టుకుని వెళ్ళిపోవాల్సినవాణ్ణి, తగువు బాగుందని గుమ్మంలో ఆగిపోయాను. పక్కన దానం గారు నిలబడి ఉన్నారు. ఆయన ముఖం చూస్తే చేప తిన్నది ఆయనే అనుకుంటారు ఎవరైనా.

ఆయన తినలేదు. తిన్నదెవరో మాత్రం ఆయనకి తెలుసు.

దానం గారిది రాయవరం దగ్గర పల్లెటూరు. వాళ్ళ నాన్న వరిచేలల్లో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాడు. పట్టినవాటిని బుట్టతో సహా తెచ్చి, ఈయన పడుకునే నులకమంచం కింద పెట్టేవాడు. ఆ దెబ్బతో ఎలుకంటే భయం పట్టుకుంది. ఎలుకలు లేని దేశమని ఎవరో చెబితే మస్కట్ వెళ్ళారు. హోటల్ గోడౌన్‌లో పని. అక్కడ ఎలుకలు ఇంకా బలిసి ఉన్నాయట. చాలా ఏళ్ళు ఓర్చుకుని తిరిగొచ్చి ఈ హోమ్‌లో చేరారు. వాచ్‌మన్ ఆయనే, ప్లంబరు ఆయనే, తాతగార్లకి గెడ్డాలు గీసేదీ ఆయనే. ఆదివారం మాత్రం చర్చిలో సంఘపెద్ద. తెల్లచొక్కా వేసుకుని కానుకల సంచి పట్టుకుని నడిచారంటే కలెక్టరు తనిఖీకి వచ్చినట్టుంటుంది.

హోమ్‌లో కొన్నాళ్ళుగా ఎలుకల బెడద. హోమ్ నడిపే నిర్మల మేడమ్ ముందు జిగురు అట్టలు పెట్టించారు. ఎలుక అంటుకోలేదు, పాపాయమ్మ గారి కాలు అంటుకుంది. ఆవిడ దాన్ని కొత్త చెప్పనుకుని పొద్దున్నంతా తిరిగారు. రెండోది ఏదని మేడమ్‌ని అడిగారు కూడా. ఇక మిగిలింది ఎలుకల మందు. ఆకుపచ్చ బిళ్ళలు, చూడ్డానికి అచ్చం చాక్లెట్లే. బంగారయ్య గారేమో కారమ్స్ కాయినుని మధ్యాహ్నమంతా బుగ్గన పెట్టుకుని చప్పరించిన మనిషి. ఆ బిళ్ళలు పెడితే ఎలుక కంటే ముందు ఎవరు తింటారో హోమ్‌లో అందరికీ తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ ఆగారు.

చేప తగువు విని మేడమ్ వచ్చారు.

"ఇది ఎలుక పనే. ఇంక ఆగలేను దానం గారూ, రేపు మందు పెట్టించేస్తాను."

"మందొద్దండి."

"మరి అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చెప్పండి. ఇల్లంతా వెతికేం. చూసినవాళ్ళు ఒక్కరన్నా ఉన్నారా?"

దానం గారు బంగారయ్య గారి వైపు చూశారు. ఆయన అప్పటికే తన చొక్కా గుండీ కొరుకుతున్నారు.

"నేను చూసేనండి."

"ఎప్పుడు?"

"రోజూనండి. ప్రార్థనప్పుడు."

పాపాయమ్మ గారికి ఒక్కసారిగా చెవులు బాగా వినపడ్డాయి.

"ప్రార్థనలో కళ్ళు తెరుచుకునుంటావా దానం?"

"ఆయ్."

"సంఘపెద్దవి కదా నువ్వు?"

"ఆయ్. మూసుకుంటే కాళ్ళమీదకి ఏదో ఎక్కుతున్నట్టుంటుందండి. చిన్నప్పట్నించీ అంతే."

"అయితే నా చేప పోతుంటే చూస్తూ కూర్చున్నావన్నమాట."

"చెబితే నా సంగతి బయటపడుద్ది కదండీ." దానం గారు తల దించుకున్నారు. "మీరు ప్రార్థనలో మస్కట్ మనవడి దగ్గరికొచ్చేసరికి గ్రైండరు వెనకాల్నించి తల బయటపెడుద్దండి. కువైట్ మనవరాలి దగ్గరికొచ్చేసరికి కంచం దగ్గరుంటుంది. మీ కోడలి మోకాలు నొప్పి టైముకి ముక్కట్టుకుని వెళ్ళిపోద్దండి."

"నా ప్రార్థన పొడుగంటావా?"

"నేనన్లేదండి. ఎలుకకి సరిపోతోందంటున్నాను."

గ్రైండరు జరిపి చూస్తే, పైపు గోడలోకి దూరే చోట ఉంది కన్నం. స్టీలు పీచు కుక్కి సిమెంటు పూసేశారు. డాబా మీదకి వాలిన కొబ్బరిచెట్టుకి ఎలుకలు ఎక్కకుండా రేకు చుట్టారు. బోన్లు పెరట్లో, ఎలుక మాత్రమే దూరే కన్నమున్న తాళం పెట్టెల్లో పెట్టారు. తాళంచెవి దానం గారి మొలతాడుకే ఉంది, బంగారయ్య గారి నోటికి అందకుండా. మందు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మేడమ్‌కి ఇంకా అనుమానం తీరలేదు. ప్రార్థన కాస్త కుదించమన్నారు. "కువైట్ చెప్పి మస్కట్ మానేస్తే ఆ పిల్లాడు ఏమనుకుంటాడు?" అన్నారు పాపాయమ్మ గారు. దాంతో మేడమ్, ఎలుక ఇంక రాదని తేలేదాకా ప్రార్థనప్పుడు కళ్ళు తెరుచుకుని కాపలా కాయమని దానం గారికే డ్యూటీ వేశారు. చేతికి చీపురు కూడా ఇచ్చారు. పాపాయమ్మ గారు ప్రార్థనలో కోడలి మోకాలు తరవాత "కళ్ళు తెరుచుకున్న దానాన్ని" కూడా చేర్చారు. అలా అది ఇంకొంచెం పొడుగయింది.

మొన్న టిన్నులు దించుతుంటే దానం గారు దగ్గరికి వచ్చారు.

"ఏరా సన్నీ, నువ్వు చర్చికి రావు కదా?"

"రానండి."

"ప్రార్థనా చెయ్యవు."

"చెయ్యను."

"మంచిది." కాసేపు చీపురు పుల్లలు సర్దారు. "ఇన్నాళ్ళూ దొంగచాటుగా తెరిచేను, బానే ఉండేది. తెరవమని డ్యూటీ వేసేక, ఒక్కసారి మూసుకోవాలనుందిరా. కన్నం పూడ్చేసేక కాళ్ళమీదకి ఏదీ ఎక్కుతున్నట్టు లేదు. రేపు టిన్నులు భోజనాల టైముకి తేవా? చీపురు నువ్వు పట్టుకుందువుగాని. ఎక్కువసేపేం కాదు, మస్కట్ దగ్గర్నించి మోకాలు దాకా."