సాంచలు ఆగిన గల్లీలో భ్రామరి

తుమ్మితే తోడబుట్టినవాడు కూడా నాలుగడుగులు వెనక్కి వేసిన కాలం అది. ఆ రోజుల్లో నేను సూరత్‌లో, వడోద్ అనే పేటలో ఉండేవాణ్ని. ఊరి నుంచి వచ్చి సాంచల మీద (మరమగ్గాలను మావాళ్ళు అలాగే అంటారు) పని నేర్చుకుని ఏడాది తిరగలేదు, మీసం ఇంకా మీసమని నలుగురూ ఒప్పుకునేట్టు రాలేదు, ఇంతలో లాక్‌డౌన్ వచ్చింది. మా గదిలో సగంమందిది పగటి షిఫ్టు, సగంమందిది రాత్రి షిఫ్టు. ఒకరు లేచిన చాప మీద ఇంకొకరు పడుకునే ఏర్పాటు. సాంచలు ఆగేసరికి రెండు షిఫ్టులూ ఒకేసారి గదిలోకి వచ్చిపడ్డాయి. నా చాపలో రెండో వాటాదారు ఎవరో, దిండుకంటిన కొబ్బరినూనె వాసన వల్ల తప్ప, అప్పటిదాకా నాకు సరిగ్గా తెలియదు. ఆ వాసనగల మనిషే ఆసనాల మామ.

మామ వయసులో ఉన్నప్పుడు జగిత్యాల దిక్కు ఎవరో స్వామి దగ్గర హఠయోగం నేర్చుకున్నాడట. ఊరికే కూర్చుంటే మనసు చెడిపోతుందని మాకూ నేర్పుతానన్నాడు. మేం కాళ్ళు తీసి మెడ మీద వేసుకోవడానికి సిద్ధమైపోతే, ఆసనం మూడో మెట్టని, ముందు యమనియమాలని ఆపేశాడు. అహింస అంటే నల్లిని చంపకూడదు. (ఈ సూత్రం నల్లులకు ఎవరూ చెప్పినట్టు లేదు.) అస్తేయం అంటే పక్కవాడి సబ్బు ముట్టకూడదు. అపరిగ్రహం మాకు పుట్టుకతోనే వచ్చింది. సత్యం దగ్గరే చిక్కొచ్చింది, ఎందుకంటే రోజూ ఇంటికి ఫోన్ చేసి మంచిగనే తింటున్నామని చెప్పేవాళ్ళం. మామ అది విని ముఖం అటు తిప్పుకునేవాడు. తరువాత ప్రాణాయామం. దానికి కడుపు ఖాళీగా ఉండాలన్నాడు. "గా ఒక్క నియమం మాకు మస్తుగొచ్చు మామా" అన్నాడు మా బావ. బావ అంటే నన్ను సూరత్ తీసుకొచ్చిన మేనత్త కొడుకు.

అందరం ఒకేసారి చేతులు చాపే చోటు లేదు కాబట్టి మామ గదిని రెండు వరుసలు చేశాడు. ఒక వరుస భస్త్రిక, అంటే కొలిమితిత్తిలా ముక్కుతో బుస్సుబుస్సున గాలి పీల్చి వదలడం. రెండో వరుస భ్రామరి, అంటే చెవులూ కళ్ళూ వేళ్ళతో మూసుకుని, నోరు తెరవకుండా తుమ్మెదలా ఝుంకారం చేయడం. నేను భ్రామరిలో. శిష్యులందరిలోకీ చెడ్డవాణ్ని నేనే. ఒక కన్ను తెరిచి బావ ముక్కుపుటాల విన్యాసం చూసి నవ్వేవాణ్ని, నా తుమ్మెద అక్కడికక్కడే చచ్చిపోయేది.

అసలు మహిమ తరువాత బయటపడింది. సాంచల చప్పుడు ఆగిన నాటి నుంచి మాలో ఎవరికీ నిద్ర లేదు. ఆ మోతలో పడుకోవడం అలవాటైన చెవులు, నిశ్శబ్దంలో దడదడలాడేవి. ఒక సాయంత్రం రెండు వరుసలూ ఊపందుకున్నాయి. బావ చటుక్కున ఆగి, "గిదేందిరా, అచ్చం సాంచ నడిసినట్టే ఉన్నది" అన్నాడు. అనడమే ఆలస్యం, కూర్చున్నచోటే ఒరిగి గురకపెట్టాడు. ఆ తరువాత మమ్మల్ని సాధనకు పిలవాల్సిన పని మామకు పడలేదు.

మాకు సాంచలా వినిపించింది గల్లీకీ సాంచలాగే వినిపిస్తుందన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. మా గది యజమాని, మేం కాకా అని పిలిచే గుజరాతీ పెద్దాయన, మంచివాడే కానీ భయస్థుడు. పోలీసు ఒక్కసారి గడప తొక్కినా అందరూ గది ఖాళీ చేయాలని మొదటిరోజే చెప్పాడు. ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి? రైళ్ళు లేవు. కడోదరా దగ్గర హైవే మీద మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోతున్నవాళ్ళను ఫోన్లలో చూస్తూనే ఉన్నాం. ఆ గదే మాకు ఊరూ, దేశమూ.

అలాంటి గది తలుపు ఓ సాయంత్రం లాఠీతో టకటకలాడింది. కానిస్టేబులు, వెనకాల తెల్లబోయిన కాకా. లాక్‌డౌన్‌లో దొంగచాటుగా మెషిన్ నడుపుతున్నారని ఎవరో చెప్పారట. ఫ్యాన్ చప్పుడని చెప్పేద్దామని బావ నోరు తెరిచాడు. (ఆ ఫ్యాన్ తిరగడం మానేసి చాలాకాలమైంది.) మామ అతని భుజం మీద చెయ్యివేసి ఆపి, చేతులు కట్టుకుని నిజమే చెప్పాడు.

"సాబ్, మెషిన్ నహీ హై. హమ్ హీ హై." మెషిన్ లేదు, ఆ చప్పుడు మేమేనని.

కానిస్టేబులు చాపలెత్తి చూశాడు, బియ్యం డబ్బా వెనక చూశాడు, చివరికి చేసి చూపించమన్నాడు. ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకుని రెండు వరుసల్లో కూర్చున్నాం. చప్పుడు రాదే! భస్త్రిక వరుస ఆయాసపడింది. నా గొంతులోంచి పిల్లికూన కూత ఒకటి వచ్చి ఆగిపోయింది. కాకా తల పట్టుకున్నాడు. మా మూటలు గల్లీలో పడి ఉన్నట్టు నాకు అప్పుడే కనిపించింది.

మామ గొంతు మాత్రం మారలేదు. "భయం గొంతుల కూసుంటది బిడ్డా. చెవులు మూసుకోండ్రి, కండ్లు మూసుకోండ్రి. సాబ్ లేడు, కాకా లేడు. శ్వాస ఒక్కటే ఉన్నది" అన్నాడు.

మూసుకున్నాను. జీవితంలో మొదటిసారి రెండు కళ్ళూ మూసుకున్నాను. ఎక్కడో పొట్ట అడుగు నుంచి ఝుంకారం లేచి పుర్రె నిండిపోయింది, భయం పట్టడానికి అందులో చోటు మిగల్లేదు.

చాలాసేపటికి కళ్ళు తెరిస్తే, కానిస్టేబులు గడప మీద కూర్చుని, తలుపుచెక్కకు తల ఆనించి నిద్రపోతున్నాడు. లాఠీ జారి కింద పడింది. ఎన్ని రోజులుగా కన్నుమూయలేదో పాపం. మేం ఆపబోతే కాకా కంగారుగా చేతులూపాడు, ఆపొద్దని. ఆపితే లేస్తాడు. ఇంకేముంది, మాకు తెలిసిన విద్యే. పగటి షిఫ్టు అలిసిపోతే రాత్రి షిఫ్టు అందుకుంది, రాత్రి షిఫ్టుకు కళ్ళు తిరిగితే పగటి షిఫ్టు దిగింది. సాంచ మాత్రం ఆగలేదు. కాసేపటికి కాకా కూడా మూలన కూర్చుని సన్నగా గొంతు కలిపాడు.

ఫోన్ మోగితే కానిస్టేబులు ఉలిక్కిపడి లేచి టోపీ సర్దుకున్నాడు. కాకా వైపు తిరిగి ఇక్కడ మెషిన్ ఏదీ లేదని గట్టిగా, గల్లీకంతా వినబడేలా చెప్పాడు. తరువాత మామ దగ్గరికొచ్చి, మాస్కులోంచే గొంతు తగ్గించి అన్నాడు.

"దర్వాజా బంద్ కర్‌కే కరో. ఖిడ్కీ ఖులీ రఖ్‌నా. మేరీ డ్యూటీ ఇసీ నుక్కడ్ పర్ హై."

తలుపు మూశాక మేం నవ్విన నవ్వు చాలాసేపు ఆగలేదు. నవ్వుతూనే నేను ఏడ్చేశాను, బావ కూడా ఏడ్చాడు, కానీ ఒప్పుకోడు. మరునాటి నుంచి ఆయన చెప్పినట్టే తలుపు మూసుకుని, ఆయన డ్యూటీ ఉన్న గల్లీ మలుపు వైపు కిటికీ తెరిచి కూర్చున్నాం.

ఇప్పుడు నేను అదే సూరత్‌లో సూపర్‌వైజర్‌ని, పొట్ట కూడా హోదాకు తగ్గట్టే వచ్చింది. ఎప్పుడైనా భ్రామరికి కూర్చుంటాను. చెవులు మూసుకుంటానో లేదో నూలు లోడు రాలేదని గుర్తొస్తుంది, ఒక కన్ను దానంతటదే ఫోన్ వైపు తెరుచుకుంటుంది. ఆ సాయంత్రపు ఝుంకారం మళ్ళీ రాలేదు. అంత భయం మళ్ళీ రానందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను కానీ, అంత శ్రద్ధగా ఊపిరి తీసిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే మాత్రం కాస్త అసూయగానే ఉంటుంది.